మునుంలో ఆఖరి మనిషి: తిరువూరులో ఒక రోజు

ఆ ఉదయం బస్సు కండక్టర్ చేతిలోని టికెట్టు మిషనుకు ఊలుతో అల్లిన తొడుగు ఉంది. నీలం రంగు. మీటలు నొక్కడానికి ముందు వైపు చతురస్రంగా ఖాళీ వదిలి, చుట్టూ అంచు కట్టి మరీ అల్లారు. నేను దాన్నే చూస్తున్నానని ఆవిడ గమనించి, వాళ్ళ అత్తగారు అల్లారనీ, చలికి మిషను మొండికేస్తుందని ఆవిడ నమ్మకమనీ చెప్పింది. ఆధార్ కార్డు చూపిస్తే తిరువూరుకు సున్నా టికెట్టు ఇచ్చింది. ఎక్స్‌ప్రెస్‌లోనూ ఆడవాళ్ళకు ఇప్పుడు ఛార్జీ లేదు కాబట్టి, ఈ దారిలో వెళ్ళాలనుకునే వాళ్ళు కార్డు పైజేబులో పెట్టుకుంటే చాలు.

విజయవాడ బస్టాండులో ఐదూ యాభైకి ఎక్కాను. ఎందుకు వెళ్ళానో ముందు చెప్పాలి. నేను పనిచేసే చిన్న సంస్థ తిరువూరు ఊరి చివర ఒక కాలనీలో, పొలం పనులకు వెళ్ళే ఆడవాళ్ళకు ఏడాదిగా చదువు తరగతి నడుపుతోంది. తరగతి వల్ల ఎంత మేలు జరిగిందో మార్చిలో అంచనా వేయాలి. కొత్తగా ఇచ్చిన పేరాలో నాలుగు వాక్యాలు సగం మందైనా సొంతంగా చదవగలిగితే తరగతి ఉంటుంది. లేకపోతే మార్చి ఆఖరుకు మూసేసి, టీచరును ఇంకో ఊరికి పంపిస్తారు. నేను ఆ రోజు అంచనా వేయడానికి వెళ్ళలేదు. దాన్ని ఎలా వేయాలో తేల్చుకోవడానికి వెళ్ళాను. ఎవరిని అడగాలి, ఏం అడగాలి, ఎక్కడ కూర్చోబెట్టి అడగాలి, ఇవన్నీ తరగతికి వచ్చే వాళ్ళతోనే మాట్లాడి రాసుకురమ్మని మా మేడమ్ పంపారు. "ప్రశ్నలు మనమే రాసేసుకుంటే అది పరీక్ష అవుతుంది. వెళ్ళి మాట్లాడు," అన్నారు.

చదవమంటే చదువుతాను, రాయమంటే రాస్తాను. కొత్తవాళ్ళతో మాట్లాడటం మాత్రం నాకు ఇప్పటికీ కష్టం. అందుకే సంచిలో ముందుగా ఒక ప్రణాళిక పెట్టుకున్నాను. ఒక్కొక్కరినీ విడిగా గదిలోకి పిలవాలి, తలుపు వేయాలి, పేరా ఇవ్వాలి, పది నిమిషాలు చూడాలి. ఈ పద్ధతి వాళ్ళకు వివరించి, ఇద్దరు ముగ్గురితో చేసి చూసి, సాయంత్రం బస్సుకు తిరిగి వచ్చేయొచ్చు అనుకున్నాను.

మైలవరంలో బస్సు పది నిమిషాలు ఆగింది. టీ పదిహేను రూపాయలు, బాగుంది. అక్కడి నుంచి ఎ.కొండూరు దాటాక రోడ్డుకు రెండు వైపులా మామిడి తోటలు. ఫిబ్రవరి కాబట్టి పూత నిండుగా ఉంది. కిటికీ తీసి ఉంచితే ఆ వాసన తియ్యగా, కొంచెం ఘాటుగా లోపలికి వస్తుంది. పుస్తకం తెరిచి ఒడిలో పెట్టుకున్నానే గాని పేజీ తిప్పలేదు. ఎనిమిదీ ఇరవైకి తిరువూరు చేరాం. బస్టాండు ఎదురుగా ఒక హోటల్లో నాలుగు ఇడ్లీ నలభై రూపాయలు. అల్లం చట్నీ అడక్కుండానే రెండోసారి వేశారు.

తరగతి చెప్పే రూతు టీచర్ స్కూటీ మీద వచ్చి నన్ను కలిశారు. యాభై ఏళ్ళుంటాయి. మాట తక్కువ, ఏ మాటా వృథా చేయరు. తరగతి మూడున్నరకు గాని మొదలుకాదనీ, ఆడవాళ్ళందరూ ఆరింటికే పెనుగొలను వైపు మిర్చి కోతకు వెళ్ళిపోయారనీ చెప్పారు. నేను అప్పటిదాకా ఎక్కడైనా కూర్చుని చదువుకుంటానన్నాను. ఆవిడ నా వైపు ఒక క్షణం చూసి, "వాళ్ళు మీ ముందు కొత్తగా కూర్చోవడం కంటే, మీరు వాళ్ళ ముందు కొత్తగా నిలబడటం మంచిదమ్మా. పొలానికి వెళ్ళిరండి," అన్నారు. ఆటో కూడా ఆవిడే మాట్లాడారు. వెళ్ళి, గంటన్నర ఆగి, తిరిగి రావడానికి మూడు వందల యాభై.

ఆటో నడిపే శ్రీనుగారు దారంతా తన మేనకోడలి పెళ్ళి సంబంధం గురించి చెప్పారు. నేను తల ఊపుతూ ఉన్నాను. పొలం దగ్గర దింపి, నా సంచి వైపు చూసి, "కోతకైతే కాదు కదమ్మా? ఆ చెప్పులతో సాలు దాటలేరు," అన్నారు.

మిర్చి చేను అంతకు ముందు బస్సు కిటికీలోంచి మాత్రమే చూశాను. దగ్గర నుంచి చూస్తే ఆకుపచ్చ కంటే ఎరుపే ఎక్కువ. పదిహేడు మంది ఆడవాళ్ళు చేనుకు అడ్డంగా వరసగా నిలబడి, తలో సాలు పట్టుకుని ముందుకు కదులుతున్నారు. ఆ వరసను వాళ్ళు మునుం అంటారు. ఒక్కరు ముందుకు పోవడం, ఒక్కరు వెనక మిగలడం ఉండదు, మునుం మొత్తం ఒకే గీతలా జరుగుతుంది. ఎలా సాధ్యమో నాకు కాసేపటి దాకా అర్థం కాలేదు. తరవాత చూశాను. మధ్యలో ఒక సన్నటి పెద్దావిడ నెమ్మదిగా కోస్తోంది. ఆవిడకు రెండు పక్కలా ఉన్నవాళ్ళు తమ సాలు కోసుకుంటూనే, చెయ్యి చాచి ఆవిడ సాలులో ఒక మొక్క, ఒక మొక్క కోసేస్తున్నారు. ఎవరూ చెప్పడం లేదు, ఎవరూ తల ఎత్తి చూడటం లేదు. చేతులు వాటంతటవే అటు వెళ్ళి వస్తున్నాయి. నోటుపుస్తకం తీసి ఇదంతా రాసుకున్నాను. దాన్ని నా పనికి సంబంధించిన విషయం అనుకోలేదు, చూడటానికి బాగుందని రాసుకున్నాను.

గట్టు మీద అరగంట నిలబడ్డాను. నన్ను ముందు పలకరించింది మార్తమ్మ గారు. ఆ ముఠాను పనులకు తీసుకెళ్ళే మేస్త్రి ఆవిడే. మనిషి పొట్టి, గొంతు పెద్దది. "నీడకి రండి మేడమ్. మీరిక్కడ సొమ్మసిల్లితే సాయంత్రం మమ్మల్ని ప్రశ్నలెవరడుగుతారు?" అంది. నేను వస్తున్నానని రూతు టీచర్ ముందే చెప్పినట్టున్నారు. పదకొండింటికి వేపచెట్టు కింద అందరూ క్యారేజీలు విప్పారు. నాకు మూత మీద అన్నం, గోంగూర పచ్చడి పెట్టారు. చెయ్యి కడుక్కోవడానికి నీళ్ళు పోసింది మధ్య సాలు పెద్దావిడే. పేరు సువార్తమ్మ.

ఏం మాట్లాడాలో తెలియక, తరగతికి ఎందుకు వెళ్తున్నారని ఆవిడను అడిగాను. ఇది నా కాగితంలోనూ ఉన్న ప్రశ్నే. ఆవిడ క్యారేజీ కడిగి, మూత పెట్టి, అప్పుడు చెప్పింది. "గుళ్ళో పాటల పుస్తకం నా చేతిలోనూ ఉంటదమ్మా. పాట నోటికొచ్చు. అందరూ పేజీ తిప్పాక నేనూ తిప్పుతా. ముందు నేనే తిప్పాలని."

అక్కడున్న ఎవరో, "ఆదివారం మనమందరం తప్పు పేజీ తిప్పుదాం, వదినేం చేస్తదో చూద్దాం," అన్నారు. అందరికంటే ఎక్కువ నవ్వింది సువార్తమ్మే.

ఒంటిగంటన్నరకు కోత ఆపేశారు. అంతకు ముందే నేను ఆటోలో తిరువూరు వచ్చేశాను. మెయిన్ రోడ్డులో ఒక మెస్సులో భోజనం వంద రూపాయలు, పప్పుచారు మళ్ళీ మళ్ళీ వేస్తారు. మూడింటికి షేర్ ఆటోలో కాలనీకి వెళ్ళాను. ఇరవై రూపాయలు. తరగతి జరిగేది వాళ్ళు గుడి అనే చర్చి వరండాలో. పక్కనే పాస్టరు గారి గది. ఒక బల్ల, రెండు కుర్చీలు, వెనక వైపు ఒక కిటికీ ఉన్నాయి. నా ప్రణాళికకు సరిగ్గా సరిపోయే గది.

మూడున్నరకు అందరూ తలలు దువ్వుకుని, చీరలు మార్చుకుని వచ్చారు. నేను నిలబడి, కాగితం చూస్తూ పద్ధతి వివరించాను. సందేహాలున్నాయా అని అడిగాను. ఎవరికీ లేవు. ఇప్పుడనిపిస్తుంది, నేను ఆ ప్రశ్న కాగితం వైపు చూస్తూ అడిగాను, వాళ్ళ వైపు చూస్తూ కాదు.

మొదట గదిలోకి వచ్చినావిడ పేరా చూసి, "లక్ష్మి ఒక్కతే చెరువుకు నీళ్ళకు వెళ్ళింది," అని మొదటి వాక్యం చదివి, ఆగి, "ఒక్కతే ఎందుకెళ్ళింది మేడమ్? ఊళ్ళో ఎవరితోనన్నా గొడవా?" అని అడిగింది. తరవాతిది చదవమన్నాను. రెండో వాక్యం దగ్గర ఆవిడ తడబడింది. అప్పుడు కిటికీ బయటి నుంచి ఎవరో ఆ మాట మెల్లగా అందించారు. నేను లేచి కిటికీ రెక్క వేశాను. రెండో ఆవిడ వచ్చింది. ఈసారి తలుపు సందులోంచి మాట వచ్చింది. నేను బయటికి వెళ్ళి, దయచేసి ఎవరూ అందించకండి, ఎవరిది వాళ్ళే చదవాలి అన్నాను. నాకు కోపం లేదు. కానీ నా గొంతు మా కాన్వెంటు స్కూల్లో పరీక్ష హాలులో సిస్టర్ల గొంతులా వినిపించింది. కిటికీ దగ్గరా తలుపు దగ్గరా ఉన్నవాళ్ళు వెళ్ళి చాప మీద కూర్చున్నారు.

తరవాత వచ్చింది సువార్తమ్మ. కుర్చీ అంచున కూర్చుంది. పేరా మీద వేలు పెట్టింది. పెదవులు కదిలాయి, మాట బయటికి రాలేదు. బయటి నుంచి ఎవరూ అందించలేదు. రెండు నిమిషాలు, మూడు నిమిషాలు గడిచాయి. వేలు మొదటి అక్షరం మీదే ఉంది. చివరికి ఆవిడ కాగితం నా వైపు జరిపి, "పక్కన ఎవరూ లేకుండా నేనెప్పుడూ ఏ పనీ చెయ్యలేదమ్మా," అంది.

నా పట్టికలో ఆవిడ పేరు ఎదురుగా 'చదవలేకపోయారు' అని రాయాలి. పెన్ను పట్టుకునే ఉన్నాను. ఇలా ముగ్గురిలో ఇద్దరికి రాయాల్సి వస్తే, మార్చిలో పదిహేడు మందికీ ఇదే పద్ధతి పెడితే, తరగతి ఉండదని నాకు అక్కడే అర్థమైంది. ఈవిడ పాటల పుస్తకం సగంలో ఆగిపోతుంది. మళ్ళీ ఎవరో తిప్పాక తిప్పడమే. అయినా చదవలేని మనిషి చదివిందని నేను రాయలేను కదా. సువార్తమ్మ లేచి వెళ్ళాక కాసేపు ఆ గదిలో ఒక్కదాన్నే కూర్చున్నాను. స్కూల్లో రోజూ ఒకరిని నిలబెట్టి పాఠం చదివించేవాళ్ళు. క్లాసులో అందరికంటే బాగా చదవగలిగిన దాన్ని నేనే. నా వంతు వచ్చినప్పుడు ఒక్క వాక్యం కూడా పైకి చదవలేకపోయేదాన్ని. ఏ సిస్టరూ నాకు చదవడం రాదని రాయలేదు, ఎందుకంటే నేనెవరో వాళ్ళకు తెలుసు.

రూతు టీచర్ టీ పట్టుకుని వచ్చారు. బల్ల మీది పట్టిక చూశారు. తలుపు పూర్తిగా తీసి, వేసుకోకుండా రాయి అడ్డం పెట్టి వెళ్ళారు.

నేను గ్లాసు పట్టుకుని వరండాలోకి వచ్చి చాప మీద కూర్చున్నాను. కాగితాలు గదిలోనే వదిలేశాను. మనసులో రెండుసార్లు అనుకుని, పైకి అడిగాను. మీకు చదువొచ్చిందో లేదో మీరే చూడాల్సి వస్తే ఎలా చూస్తారు అని.

ఒకావిడ బస్సు బోర్డు చదివించమంది. ఇంకొకావిడ రేషను కార్డులో పేర్లు అంది. బోర్డులైతే రంగు చూసి చెప్పేస్తావు నువ్వు, అని పక్కావిడ మొదటావిడను పట్టుకుంది. అలా మాట పెరిగింది. నేను వింటూ ఉన్నాను. మాట్లాడటం కష్టమైన వాళ్ళకు వినడం కొంచెం సులువు. అప్పటిదాకా గోడకు ఆనుకుని ఉన్న మార్తమ్మ ముందుకు జరిగింది.

"పొద్దున మునుం చూశారు కదా మేడమ్. పక్కది వెనకబడితే పక్కోళ్ళు చెయ్యేస్తారు. అది దొంగతనమా?"

కాదన్నాను. కానీ పక్కవాళ్ళు చెయ్యి వేస్తే, ఆ సాలు ఆవిడ కోసిందో పక్కవాళ్ళు కోశారో నాకెలా తెలుస్తుంది, మా ఆఫీసులో అదే అడుగుతారు అన్నాను.

మార్తమ్మ దానికి తలూపింది. నా ప్రశ్నను తీసిపారేయలేదు. ఆ రోజంతటిలో నాకు అన్నిటికంటే గౌరవం కలిగించినది అదే. ఆవిడ ఆలోచించి, నెమ్మదిగా చెప్పింది. "రైతు గట్టు మీద నుంచి అందర్నీ చూడడండి. మునుంలో అందరికంటే నిదానంగా కోసే ఆఖరి మనిషి ఎవరో ఆ మనిషినే చూస్తాడు. ఆ మనిషి కోసిన సాలు శుభ్రంగా ఉంటే ముఠా మంచిదంటాడు. మీరూ అంతే చెయ్యండి. మమ్మల్ని వరసగా కూర్చోబెట్టండి. మేం ఒకళ్ళకొకళ్ళం అందించుకుంటాం, అదో లెక్క. ఆఖరి మనిషి వంతొచ్చినప్పుడు మాత్రం మేమెవ్వరం నోరు తెరవం. పక్కన కూర్చుంటాం, అంతే."

ఆఖరి మనిషి ఎవరని నేను అడగబోయేలోపే సువార్తమ్మ చెయ్యెత్తింది. "ఇంకెవరు, నేనే." ఎవరూ కాదనలేదు, ఎవరూ అయ్యో అనలేదు. చేనులో ఎవరి సాలు ఎక్కడో తెలిసినంత మామూలుగా అది అందరికీ తెలుసు.

పాత పేరా వద్దని రూతు టీచర్ తన సంచిలోంచి ఇంకొకటి తీశారు. వాళ్ళెవరూ చూడనిది, ఒక కుండలో నీళ్ళు చల్లగా ఎందుకుంటాయో చెప్పేది. అందరూ చాప మీద వరసగా కూర్చున్నారు. తలో వాక్యం. తడబడిన చోట పక్కవాళ్ళు అందించారు, నేను ఎన్నిసార్లో గీతలు గీసుకున్నాను. పదహారు మందికి పది సార్లు మాత్రమే సాయం కావాల్సి వచ్చింది. అప్పుడు కాగితం సువార్తమ్మ దగ్గరికి వచ్చింది. ఆవిడకు మాత్రం కింద మిగిలిన నాలుగు వాక్యాలూ ఇచ్చారు. మార్తమ్మ ఒక పక్క, ఇంకొకావిడ ఇంకో పక్క, మోకాళ్ళు తగిలేలా కూర్చున్నారు. ఇద్దరూ కాగితం వైపు చూడలేదు. రోడ్డు వైపు చూస్తూ ఉన్నారు.

ఆవిడ చదివింది. అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ, ఒక్కో మాట దగ్గర ఊపిరి తీసుకుంటూ చదివింది. మూడో వాక్యంలో 'రంధ్రాలు' అన్న మాట దగ్గర ఆగిపోయింది. మార్తమ్మ పెదవులు బిగబట్టింది. అంత పెద్ద గొంతున్న మనిషికి అది ఎంత కష్టమో మెడ మీద నరం చూస్తే తెలిసింది. సువార్తమ్మ వేలు వెనక్కి తెచ్చి, మళ్ళీ మొదలుపెట్టి, ఆ మాట దాటింది. నాలుగో వాక్యం అయ్యాక కాగితం తిప్పి వెనక కూడా చూసింది, ఇంకేమన్నా ఉందేమోనని.

"అయిపోయింది వదినా," అంది మార్తమ్మ. "ఇక మమ్మల్ని గాలి పీల్చుకోనీ."

అక్కడి నుంచే మా మేడమ్‌కు ఫోన్ చేశాను. జరిగింది జరిగినట్టు చెప్పాను, నా కిటికీ రెక్కతో సహా. ఆవిడ రెండు ప్రశ్నలు అడిగారు. పక్కవాళ్ళు అందించినవి విడిగా రాస్తావా, ఆఖరి మనిషి చదివేటప్పుడు పేరా కొత్తదేనని ఎవరు చూస్తారు అని. రెండింటికీ జవాబు వరండాలోనే దొరికింది. రాయడానికి నేను, పేరా ఎంచడానికి వేరే ఊరి టీచరు. మేడమ్ సరేనన్నారు. సగం మంది అన్న పాత షరతు బదులు, వరసలో ఆఖరి మనిషి సొంతంగా నాలుగు వాక్యాలు చదవాలన్న షరతు పెట్టుకున్నాం. ఇది సులువైనది కాదు, నిజానికి కష్టమైనది. దాన్ని అడిగింది మాత్రం వాళ్ళే. ఆ నెలాఖరుకు ప్రణాళిక అలాగే ఆమోదం పొందింది. మార్చిలో ఆ తరగతి నిలబడితే, వాళ్ళు నిజంగా చదవగలిగినందుకే నిలబడుతుంది.

ఆరూ పదిహేనుకు తిరువూరులో బస్సు దొరికింది. ఆధార్ చూపించాను, సున్నా టికెట్టు ఇచ్చారు, ఎనిమిదీ నలభైకి విజయవాడలో దిగాను. దారిలో అనుకున్నాను, ఒక కార్యక్రమం ఎలా నడుస్తోందో తెలుసుకోవడానికి వెళ్ళే మాలాంటి వాళ్ళం, కొలిచే గిన్నెను కూడా ఇంటి నుంచే తీసుకెళ్తాం. తమ పని బాగుందో లేదో కొలుచుకోవడం తరాలుగా చేస్తున్న మనుషుల దగ్గరికి వెళ్తున్నామని మరచిపోతాం. మార్తమ్మ గారికి చదువు తరగతి ఏడాది కిందటే మొదలైంది గాని, ఒక ముఠా బాగుందో లేదో చూడటం ఆవిడకు నాకంటే ఎంతో ముందు తెలుసు. నేను చేసిన మంచిపని ఒక్కటే, కాగితాలు గదిలో వదిలి బయటికి రావడం. అది కూడా ఎవరో తలుపు తీసిపెడితే.

ఇలాంటి పని మీద వెళ్ళేవాళ్ళకు ఒక్క సూచన. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా తిరువూరు చుట్టుపక్కల ఆడవాళ్ళు పొద్దున ఆరు నుంచి మధ్యాహ్నం రెండు దాకా చేలల్లో ఉంటారు. ఆ సమయాన్ని ఖాళీ సమయం అనుకోకండి. విజయవాడలో ఆరు లోపు బస్సు ఎక్కి, ముందు వాళ్ళు పనిచేసే చోటికి వెళ్ళి, తరవాతే ప్రశ్నల కాగితం తీయండి.

మరునాడు ఆఫీసులో పట్టిక శుభ్రంగా రాస్తూ, తరగతిలో ఎవరు ఎప్పుడు చేరారో హాజరు పుస్తకం చూసి నింపాను. మిగతా పదహారు మందీ ఏడాది నుంచి వస్తున్నారు. సువార్తమ్మ గారు చేరి పదకొండు వారాలైంది.